గొట్టంలో ఆగిన మాటలు

నమోదు 1

మంచుగెడ్డ ఊరి మాటగొట్టం గది నుంచి, ఆ గదికి ఇంజనీరూ గుమాస్తా ఊడ్చేవాడూ అన్నీ తానే అయిన గౌరునాయుడు సవినయంగా నమోదు చేయునది ఏమనగా: ఈ రోజు చరిత్ర మారింది. ఊళ్లో ఎవరూ గమనించలేదు, అది వేరే సంగతి.

మన ఊరికీ కింది ఊటకీ మధ్య మంచులోంచి పోయే, ఊరు మాటగొట్టం అని పిలిచే తీగ మీద ఇన్నాళ్లూ ఒక ముసలి ప్రోగ్రాం నడిచింది. అవతల ఒకరు 'నీళ్లు' అని కొడితే ఇక్కడ 'నీ' ఒకసారి దిగేది, నేను టీ తాగి వచ్చాక 'ళ్లు' దిగేది. ఆ ముక్కల్ని అతికించడానికి నా ముందు ఇంజనీరు రాసిన కోడ్ చదివితే ఆయన ఉద్యోగం ఎందుకు మానేశాడో అర్థమవుతుంది.

నేను దాన్ని పీకేశాను. తీగ యంత్రంలోకి తెరుచుకునే కిటికీ పేరు సాకెట్. సాకెట్‌ను మామూలు ఫైల్‌లా తెరిచాను. ఇక ఫైల్లో రాసినట్టు తీగలోకి రాయడమే, ఫైల్లోంచి చదివినట్టు వరసకి వరస చదవడమే. కాలేజీలో సి భాష చెప్పిన మాష్టారు ఒక్క విషయంలో మమ్మల్ని భయపెట్టారు: మాటలు పారే ఒకే స్ట్రీమ్‌తో చదవడం, రాయడం రెండూ చెయ్యొద్దు, అటునుంచి ఇటు మారేటప్పుడు స్థానం వెనక్కి జరపాలి, సాకెట్‌లో వెనక్కి జరగడమన్నదే లేదు. అందుకని సాకెట్‌కి నకలు తీసి, చదవడానికి ఒక స్ట్రీమ్, రాయడానికి ఒక స్ట్రీమ్ విడివిడిగా పెట్టాను. గొయ్యి ఎక్కడుందో చూసి మరీ పక్కనుంచి నడిచాను. శాలువా కప్పాలనుకునేవారు గది తలుపు తట్టగలరు.

నమోదు 2

కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి కింది ఊటకి వెళ్లాను. మంచు మీద తిరిగే బండి ఊరికి ఒక్కటే, దాన్ని నడిపేది బంగారమ్మ ఒక్కతే. ఊట దగ్గర కాపలా మా మేనత్త పైడితల్లిది. ఊరంతా తాగే నీళ్లు ఆమె కాచే గొట్టంలోంచే వస్తాయి. అక్కడ ఒక గది, ఒక పొయ్యి, ఒక యంత్రం, అత్త. అంతే.

"ఏటది?" అంది అత్త.

"కొత్త ప్రోగ్రాం అత్తా. ఇకమీదట నీ మాట ముక్కలవ్వదు. నువ్వు ఒక వరస రాసి మీట నొక్కితే, ఆ వరస మొత్తం, గుణింతాలతో సహా, చెక్కుచెదరకుండా..."

"సరే."

"ఇంకా చెప్పలేదు అత్తా."

"ఈడికి గాలెవులిస్తన్నారో," అంది బంగారమ్మ, నన్ను కాదు, గోడని చూస్తూ.

ఇదీ మా ఊరి మర్యాద. మా ముత్తాతలు ఈ మంచులోకి దిగిన కొత్తలో గాలి చాలేది కాదట. మాటకి ఊపిరి ఖర్చు గనుక తక్కువ మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఊపిరి గాలి తయారుచేసే గాలి మిల్లు వద్దన్నా గాలి పోస్తుంది, అలవాటు మాత్రం పోలేదు. పెళ్లిలో వధువు 'ఊఁ' అంటుంది, వరుడు 'ఊఁ' అంటాడు, భోజనాలు. చేత్తో రాసేటప్పుడు ఊపిరి ఖర్చేమీ కాదని నేను ఎన్నోసార్లు మనవి చేశాను. రాసినా అంతే క్లుప్తంగా రాస్తారు. నేను మూడో తరగతిలో ఆవు గురించి పేజీన్నర వ్యాసం రాస్తే మా అమ్మని బడికి పిలిపించారు.

పరీక్ష కోసం అత్త యంత్రం నుంచి ఊరికి ఒక సందేశం కొట్టాను. తెలుగులోని ఒత్తులన్నీ తగలాలి కదా, అందుకని కాస్త విపులంగానే కొట్టాను. ఊరికి తిరిగొచ్చి ఊరి మేనేజరు అప్పలకొండ గారిని అడిగాను.

"వచ్చిందాండీ?"

"వచ్చింది."

"చివరిదాకా వచ్చిందా?"

"దానికి చివరుందేటి?"

దీన్ని విజయంగా నమోదు చేస్తున్నాను.

నమోదు 3

కింది ఊట నుంచి మాట లేదు.

నిన్నా లేదు, మొన్నా లేదు. పాత ప్రోగ్రాం ఉన్నప్పుడు అత్త పొద్దున్నే 'బాగు' అని ఒక మాట వేసేది. ముక్కలుగానైనా దిగేది. నేను మాత్రం ఆమెకి రోజూ తీగ మీద ఉత్తరాలు పంపుతూనే ఉన్నాను, చతుర్లతో సహా. ఒంటరిగా ఉండే మనిషి, నవ్వుకుంటుందని. జవాబు లేదు. అత్త నా చతుర్లకి జవాబివ్వకపోవడం వింత కాదు గానీ, నీటి ఒత్తిడి కూడా రాయకపోవడం వింత.

తీగ అతుకుల మీద మంచు గీకాను. ఊడ్చాను. మళ్లీ గీకాను. అప్పలకొండ గారికి చెప్పాను.

"పలకలేదంటే బాగున్నట్టే," అన్నారాయన.

"పలకలేకపోతే కూడా పలకరు కదండీ?"

ఆయన నా వైపు చూసిన చూపుని ఈ చిట్టాలో ఎక్కించే సౌకర్యం లేదు.

నమోదు 4

ప్రోగ్రాంలో తప్పు లేదు. ఇది నేను గర్వంతో కాదు, ఏడుపుతో రాస్తున్నాను. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరకని తప్పుని ఏం చేసుకోవాలి?

అదే కోడ్‌ని నా బల్ల మీద, సాకెట్‌కి బదులు తెర మీదకి రాసేలా పెట్టి చూశాను. 'బాగు' అని కొట్టి మీట నొక్కగానే తెర మీద 'బాగు'. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. యంత్రం నన్ను చూసి ముద్దుగా నవ్వుతున్నట్టే ఉంది. దాని చెంప వాయించాలనిపించింది.

చదివే స్ట్రీమ్ చూశాను. బాగుంది. రాసే స్ట్రీమ్ చూశాను. బాగుంది. సాకెట్ తెరిచే ఉంది. తీగ తెగలేదు. అంతా బాగుంది, మాట మాత్రం లేదు. ఈ వాక్యం చదివితే మా ఊళ్లో ఎవరికీ ఇబ్బందిగా అనిపించదు. నాకు మాత్రం జుట్టు పీక్కోవాలనిపిస్తోంది. అదీ ఎక్కువ లేదు, మిగిలింది జాగ్రత్త చేసుకోవాలి.

ఇంకో సంగతి. బండి సామానుతో ఎర్రగనికి బయల్దేరబోతోంది. ఎర్రగని ఊటకి సరిగ్గా ఎదురుదిక్కు. ఒకసారి వెళితే పెద్ద చీకటి కాలం గడిచాకే తిరిగొస్తుంది. అంటే ఊట దగ్గర ఏదైనా అయితే మేము చెయ్యగలిగింది తీగ వైపు చూస్తూ కూర్చోవడం.

నమోదు 5

బండి ఆపమని అప్పలకొండ గారిని అడిగాను. మొత్తం సంభాషణ, ఊరి మర్యాదకి లోబడి:

"బండి ఊటకి పంపండి."

"అడిగిందా?"

"అడగలేదు. అదే కదండీ..."

"అడక్కుండా ఎల్తే, పైడితల్లికి పని రాదన్నట్టు."

నిజమే, మా ఊళ్లో అదే పద్ధతి. కాపలా మనిషి పిలవకుండా ఆమె తలుపు తట్టడం అంటే ఊరందరి ముందు ఆమెని చేతకానిదని చాటడం. ఒకప్పుడు ఎవరో అలా వెళితే ఆ కాపలా మనిషి మళ్లీ వాళ్లింట్లో నీళ్లు ముట్టలేదట. నేను బంగారమ్మ దగ్గరికి వెళ్లాను. సామాను కడుతోంది.

"అక్కా, ఒక్కసారి ఊట వైపు..."

"పిలిసిందా?"

"అందరూ ఇదే అడుగుతున్నారేంటి! పిలిచినా మనకి వినపడటం లేదేమో అంటున్నాను!"

"వినపడకపోతే ఎందుకురా నీ గది?"

గదికి తిరిగొచ్చి పనిముట్ల పెట్టె తెరిచాను.

నమోదు 6

దొరికింది.

తీగ మీద చెవి పెట్టి వినే పనిముట్టు ఒకటుంది. తీగలో ఏదైనా కదిలితే దాని ముల్లు లేస్తుంది. దాన్ని తగిలించి అత్తకి ఒక వరస కొట్టాను: 'అత్తా, బాగున్నావా?' ముల్లు లేవలేదు. మళ్లీ కొట్టాను. లేవలేదు. నా యంత్రం నుంచి నా మాటే బయటకి పోవడం లేదు! అప్పుడు నాకు ఒళ్లు మండి, ప్రోగ్రాంనీ, దాన్ని రాసినవాణ్ణీ, వాణ్ణి కన్నవాళ్లనీ (అమ్మా, క్షమించు) ఆ మీటల మీదే దంచి తిట్టాను. తిట్టి తిట్టి, తిట్లు పేజీ దాటి రెండో పేజీలో పడ్డాక, ముల్లు ఒక్కసారి ఎగిరింది.

ఎగిరి పడిపోయింది. ఎంత వెళ్లిందో చూశాను. నాలుగు వేల తొంభై ఆరు బైట్లు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

స్ట్రీమ్ పిసినారిది. మనం ఇచ్చిన మాటని అప్పటికప్పుడు పంపదు. తన దగ్గరున్న బఫర్ అనే తొట్టిలో పోసుకుంటుంది. తొట్టి నిండితేనే ఒంపుతుంది. తొందరైతే ఎఫ్‌ఫ్లష్ అనే ఆజ్ఞతో మనమే ఒంపించాలి. తెర మీదకి రాసేటప్పుడు మాత్రం వరస వరసకీ దానంతటదే ఒంపుతుంది. అందుకే నా బల్ల మీద అంత బుద్ధిమంతురాలిలా కనిపించింది. నేను ఎఫ్‌ఫ్లష్ ఒక్కచోట కూడా రాయలేదు. చూసి దాటిన గొయ్యి పక్కనే ఇంకోటి ఉంది.

ఇంకే ఊళ్లో అయినా ఈ తప్పు మొదటిరోజే బయటపడేది. జనం మాట్లాడుకుంటారు, తొట్టి నిండుతుంది, ఆలస్యంగానైనా ఒలుకుతుంది. మా ఊళ్లో 'బాగు' అన్నది పెద్ద ఉపన్యాసం. తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి ఇంకో మూడు. 'బాగు'కి గట్టిగా పన్నెండు. ఆ లెక్కన తొట్టి ఎప్పటికి నిండాలి?

అంటే అత్త రాస్తూనే ఉండొచ్చు. రాసినవన్నీ ఆమె యంత్రంలోనే, ఆమెకి మూరెడు దూరంలోనే, పడున్నాయి. ఏం రాసిందో నాకు తెలియదు.

నమోదు 7

ప్రోగ్రాం సరిదిద్ది మళ్లీ మొదలుపెడదామని చెయ్యి చాపి ఆగిపోయాను. నేను ఇక్కడ ఆపితే సాకెట్ మూసుకుంటుంది. అత్త వైపు తొట్టిలో ఉన్న మాటలకి పోయే దారి ఉండదు, అన్నీ పోతాయి. ఆమె యంత్రంలో కోడ్ మార్చడం ఆమెకి రాదు, నేను అక్కడ లేను.

మిగిలింది ఒకటే దారి. నేను రాసి నా తొట్టి నింపాలి, అత్త రాసి తన తొట్టి నింపాలి.

నా వంతు సులువే. ముఖ్యమైన మాట ముందు పెట్టాను: 'అత్తా, యంత్రం ఆపకు. నువ్వు రాసినవి మాకు చేరలేదు. తప్పు నాది. చేరాలంటే నువ్వు చాలా రాయాలి. ఏదైనా సరే, రెండు పేజీలు, ఆపకుండా రాయి.' దాని వెనకాల తొట్టి నిండేదాకా చెత్త పోశాను. గాలి మిల్లు వాసన గురించి, అప్పలకొండ గారి మీసం గురించి, మూడో తరగతి ఆవు వ్యాసం గుర్తున్నంతవరకు. ముల్లు ఎగిరింది. వెళ్లింది.

ఇక అత్త రాయాలి. పెళ్లినాడు కూడా 'ఊఁ'తో సరిపెట్టిన మనిషి రెండు పేజీలు రాయాలి.

బయట బండి ఇంజను వేడెక్కిస్తున్న చప్పుడు.

నమోదు 8

వచ్చింది. అప్పలకొండ గారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, మర్యాద తర్వాత చూసుకోవచ్చని. వచ్చింది వచ్చినట్టు కింద ఎక్కిస్తున్నాను.

బాగు.
బాగు.
బాగు. ఊట గోరువెచ్చన.
పొయ్యి సిన్నగుంది.
తలుపు బిగిసింది. మంచు.
బండి పంపండి.
బండి.
గౌరూ, బండి.
గౌరూ, నీ ఉత్తరం వచ్చింది. బండి అడిగితే నవ్వులాటేటి.
బండి.
పొయ్యి ఆరింది.
బండి.

ఇక్కడ నేను కాగితం అప్పలకొండ గారి చేతికి ఇచ్చేశాను. ఆమె బండి అడుగుతున్నప్పుడు నేను ఆమెకి చతుర్లు పంపుతున్నాను. అవి పొడుగు గనుక చేరుతున్నాయి. మిగతాది అప్పలకొండ గారే పైకి చదివారు.

ఇప్పుడు నీ మాట అందింది. రాయమన్నావు. ఏటి రాయను. నాకు రాదు.
గోడ. దుప్పటి. మూడు దుప్పట్లు. బిందె. బిందెలో నీలు గడ్డకట్టీసినాయి.
ఇంకా రాయాలా. నానెప్పుడూ ఇంత మాటాడలేదు. వేళ్లు కొంకర్లు పోతన్నాయి, ఊదుకొని రాస్తన్నాను.
తలుపు లోపల్నించి గునపంతో పొడిసినాను. గునపం వంగింది, తలుపు వంగలేదు. ఈ తలుపు మీ నాన్న బిగించినాడు. పని బాగా సేసినాడు, సచ్చినోడు.
మా అన్నని అలా అనకూడదు. తుడిసీడం ఎలాగో తెలీదు. ఉండనీ.
ఊట సప్పుడు వింటే నిద్దరొస్తంది. నిద్దర పోకూడదని రాస్తన్నాను. నువ్వు రాయమనడం మంచిదే అయింది.

ఇలా పేజీ కింద దాకా ఉంది. గచ్చు మీద పగుళ్లు వర్ణించింది, తన మోకాలి నొప్పి వర్ణించింది. చిన్నప్పుడు గాలి మిల్లులో దూరి దెబ్బలు తిన్న సంగతి రాసింది. ఆమె మిల్లులో దూరిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చివర వరస సగంలో ఆగింది. మిగతా సగం ఇంకా తొట్టిలోనే ఉండాలి.

అప్పలకొండ గారు కాగితం బల్ల మీద పెట్టారు. బయటకి వెళ్లి, ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో అరిచారు.

"బంగారీ! సామాను దింపీ! రంపం ఎక్కించు! ఊటకి! ఇప్పుడే!"

నమోదు 9

బండి ఊటకి వెళ్లింది. బయల్దేరేముందు బంగారమ్మకి చెప్పాను.

"అక్కా, చేరాక 'చేరాను' అని రాస్తే నాకు రాదు. చాలా రాయాలి. నేను అందింది అని జవాబిచ్చేదాకా ఇద్దరూ ఆపకుండా రాయండి. మీరున్నారో లేదో నాకు తెలియాలి కదా."

"ఏటి రాయాలి?"

"నన్ను తిట్టండి."

"అలాగయితే రాస్తాను," అంది.

అప్పటినుంచీ ముల్లు కదల్లేదు. ఈ నిశ్శబ్దానికి అర్థం ఏమిటో ఊళ్లో ఎవరూ నాకు చెప్పడం లేదు. ఊరు మాత్రం గదికి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ 'బాగుండి ఉంటుంది' అనలేదు. నేను రెండు చతుర్లు మొదలుపెట్టాను, రెండూ మధ్యలోనే పోయాయి. అప్పలకొండ గారు ముల్లు వైపు చూస్తూ నిలబడే ఉన్నారు. ఆయన మీసం గురించి రాసిన ఉత్తరం అత్తకి చేరిందని ఆయనకి ఇంకా తెలియదు.

నమోదు 10

ముల్లు ఎగిరింది.

సగంలో ఆగిన అత్త వరస ముందు పూర్తయింది. ఆ వెనకే బంగారమ్మ:

ఒరే గౌరిగా, సేరినాం. తలుపు కోసినాం. మడిసి ఉంది. సల్లగుంది గానీ ఉంది, తిడతంది. నీ కోడు కాలిపోను, నీ కాలేజీ కూలిపోను, నీకు సదువు సెప్పిన మాష్టరుకి మాట పడిపోను. ఇదిగో, మీ అత్త రాస్తాదట.

ఆ తర్వాత అత్త. ఆమె తిట్లని ఈ చిట్టాలో ఎక్కించను. అవి నావి, నా దగ్గరే ఉంచుకుంటాను. నా వంశంలో నేను తప్ప ఎవరూ మాట్లాడరని ఇన్నాళ్లూ అనుకున్నాను. పొరపాటు. అంతా నాలాంటివాళ్లే, తొట్టి నిండక ఆగారు.

పూర్తిగా దిగిన చివరి వరస ఇది: ఇక్కడ పొయ్యి లేదు, బంగారి పళ్లు కొరుకుతంది, నువ్వు అందిందని సెప్పేదాకా కదలొద్దన్నావట, ఇంకెంత రాయాలిరా?

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. అందింది, వచ్చెయ్యండి. కానీ ఒక్క మాట వెళ్లదు. ఆ చలిలోంచి ఇద్దరూ కదలాలంటే నేను ఇప్పటికిప్పుడు రెండు పేజీలు రాయాలి. మీటల మీద చేతులు పెట్టాను.

ఒక్క వరస రాలేదు. తెర అంతా నీళ్లలో ఉన్నట్టు మసగ్గా కనిపిస్తోంది. మూడో తరగతి ఆవు కూడా గుర్తు రాలేదు.

"లే," అన్నారు అప్పలకొండ గారు.

లేచాను. ఆయన కూర్చున్నారు. చేతులు దులుపుకున్నారు.

"ఎంత?"

"రెండు పేజీలండీ. అసలు మాట ముందు పెట్టాలి."

ఆయన ఒక్కో వేలితో కొట్టారు: 'అందింది. బయల్దేరండి.' ఆగారు. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. 'పైడితల్లీ, అడగందే రాకూడదని కూకున్నాను. నువ్వు అడిగినావు, నాకు వినపడలేదు. వినపడకపోయినా రావాల్సింది.' తర్వాత నీళ్ల గురించి రాశారు. గాలి మిల్లులో చిన్నప్పుడు అత్తతో పాటు ఇంకెవరు దూరారో రాశారు. వరస తర్వాత వరస, రెండు వేళ్లతో, తల ఎత్తకుండా.

ముల్లు ఎగిరింది.

"వెళ్లిపోయిందండీ," అన్నాను. "ఇక చాలు."

ఆయన కొడుతూనే ఉన్నారు.

"వాళ్లు ఈపాటికి బండెక్కేసుంటారండీ. అక్కడ చదివేవాళ్లెవరూ ఉండరు."

"తెలుసురా," అన్నారు అప్పలకొండ గారు. "కాస్త అలా జరుగు, ఎలుతురికి అడ్డమొస్తన్నావు."